జనం ఒప్పుకోరని ఎవరు చెప్పారు?

2025 సెప్టెంబరులో కమలా హారిస్ పుస్తకం వచ్చినప్పుడు చాలామంది బైడెన్ గురించి ఆవిడ ఏం రాశారా అని వెతుక్కున్నారు. నేను మాత్రం పీట్ బుటిజెజ్ పేరు వచ్చిన చోట ఆగిపోయాను. బైడెన్ ప్రభుత్వంలో మంత్రిగా చేసిన మనిషి, తాను గే అని దాచుకోని మనిషి. ఉపాధ్యక్ష పదవికి ఆవిడ మొదటి ఎంపిక ఆయనేనట. తాను తెల్లజాతి మగవాణ్ణయి ఉంటే ఆయన్నే తీసుకునేదాన్నని రాశారు. అప్పటికే ఒక నల్లజాతి మహిళను, అందులోనూ యూదుణ్ణి పెళ్ళాడిన మహిళను ఒప్పుకోమని దేశాన్ని అడుగుతున్నాం, దానికి తోడు పక్కన ఒక గే అభ్యర్థి అంటే మరీ పెద్ద రిస్కు అనుకున్నారట. ప్రజల మీద ఇంకాస్త నమ్మకం పెట్టుకోవాలన్నది బుటిజెజ్ జవాబు.

హారిస్‌ని తప్పుపట్టడం తేలికే. బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాక ఆవిడ చేతిలో ఉన్నది 107 రోజులు. ఎదురుగా ఉన్నది ట్రంప్. ఓడిపోతే ఏమవుతుందో అందరికంటే బాగా తెలిసిన మనిషి. అయినా ఆ పేజీ చదువుతుంటే నాకు బాధేసింది. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. కాన్సాస్‌లో విన్నాను, హైదరాబాద్‌లో విన్నాను, మా చుట్టాల పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర విన్నాను. "నాకేం అభ్యంతరం లేదండీ, జనమే ఒప్పుకోరు."

2019 ఏప్రిల్‌లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ వాళ్ళు ఒక సర్వే చేశారు. గే అయిన మనిషి అధ్యక్షుడిగా ఎన్నికైతే మీకు ఫర్వాలేదా అంటే 70 శాతం మంది ఫర్వాలేదన్నారు. దేశం అందుకు సిద్ధంగా ఉందా అని అడిగితే 52 శాతం మంది లేదన్నారు, ఉందన్నది 36 శాతమే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫర్వాలేదన్న ఆ 70 శాతం మందే కదా దేశం అంటే! మరి ఒప్పుకోని ఆ జనం ఎక్కడున్నట్టు?

సర్వేల్లో మనుషులు మంచి మాటే చెబుతారని, పోలింగ్ బూత్‌లోకి వెళ్ళాక వేరేగా ఉంటుందని మీరు అనొచ్చు. నిజమే, అందుకే సర్వేలు వదిలేసి అసలు ఎన్నికలనే చూద్దాం. కన్సర్వేటివ్ ప్రాంతాల్లో తాము గే అని, లెస్బియన్ అని దాచుకోకుండా పోటీ చేసినవాళ్ళని ఓటర్లు ఓడించిన దానికంటే, ఓటర్ల దాకా రానివ్వకుండా ఆపినవాళ్ళే ఎక్కువ నష్టం చేశారని నా నమ్మకం. ఈ నమ్మకానికి ఎక్కడెక్కడ చిల్లులున్నాయో కూడా నాకు తెలుసు. అవీ చెబుతాను.

మా జాన్సన్ కౌంటీ

నేనుండేది కాన్సాస్‌లోని జాన్సన్ కౌంటీలో. ఒలేథా, ఓవర్లాండ్ పార్క్, లెనెక్సా. ఇక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22న ఒలేథాలోని ఒక బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని జాతి ద్వేషంతో కాల్చి చంపేసిన సంగతి తెలుగు పత్రికలు చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. భర్త పోవడంతో ఆయన భార్యకి ఈ దేశంలో ఉండే హక్కే లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు పూనుకుని వీసా ఇప్పించినవాడు మా కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్. రిపబ్లికన్. 2018 జనవరిలో ట్రంప్ ప్రసంగానికి ఆవిడని తన అతిథిగా కూడా తీసుకెళ్ళాడు. గ్రీన్ కార్డులకి దేశాలవారీ పరిమితి ఎత్తేయాలన్న బిల్లుని భుజాన వేసుకున్నదీ ఆయనే. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో ఆయన పేరు ఎంత గౌరవంగా పలికేవారో నాకు తెలుసు. ఆ గౌరవం న్యాయమైనదే.

అదే ఏడాది నవంబరులో యోడర్ ఓడిపోయాడు. ఓడించింది షారిస్ డేవిడ్స్. హో-చంక్ తెగకు చెందిన ఆదివాసీ మహిళ, లెస్బియన్, ఒకప్పుడు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడిన మనిషి. ఆర్మీలో పనిచేసిన ఒంటరి తల్లి పెంచింది. మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో చదివి, కార్నెల్‌లో లా చేసింది. అంతకు ముందు ఏ ఎన్నికలోనూ గెలిచింది లేదు. నాలుగుసార్లు గెలిచిన యోడర్ మీద దాదాపు 10 శాతం తేడాతో నెగ్గింది.

కాన్సాస్ అంటే ఏమిటో తెలిస్తేనే ఈ గెలుపు బరువు తెలుస్తుంది. 2005లో స్వలింగ వివాహాలని రాజ్యాంగంలోనే నిషేధించాలా అని ఇక్కడ ఓటింగ్ పెడితే 70 శాతం మంది అవునన్నారు. సైనికుల అంత్యక్రియల దగ్గర గే మనుషుల్ని తిడుతూ అట్టలు పట్టుకుని నిలబడే వెస్ట్‌బరో చర్చి మా ఇంటికి గంట దూరంలో, టోపీకాలో ఉంది. 2018లో ఇక్కడి స్థానిక రిపబ్లికన్ నాయకుడొకడు డేవిడ్స్ లైంగికతనీ, ఆదివాసీ పుట్టుకనీ కలిపి తిడుతూ, ఆవిడని తిరిగి రిజర్వేషన్‌కి, అంటే ఆదివాసులకి కేటాయించిన ప్రాంతానికి, తోలేస్తామని ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టాడు. మెసేజ్ బయటపడ్డాక ఆయన పదవి పోయింది. యోడర్ వర్గం కూడా దాన్ని ఖండించింది. ఖండించాల్సి వచ్చిందంటే, అలాంటి మాటలకి ఈ ఊళ్ళలో ఓట్లు రాలవని ఆ పార్టీకి తెలుసన్నమాట.

ఆ ఎన్నికల ముందు మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటి ముందు డేవిడ్స్ బోర్డు కనబడింది. ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. నాకు ఆశ్చర్యమేసి, ఇద్దరం చెత్తడబ్బాలు బయట పెడుతున్నప్పుడు అడిగేశాను. "నా ఇన్సులిన్ ఖర్చు గురించి మాట్లాడేది ఆవిడొక్కతే. రాత్రి ఎవరితో కలిసి భోంచేస్తుందో నాకెందుకు?" అంది. ఆవిడ గే పెళ్ళిళ్ళని ఇష్టపడుతుందని నేను అనుకోను. ఆ విషయం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది. ఒక విషయాన్ని ఇష్టపడకపోవడం వేరు, దాని మీద ఓటు వేయడం వేరు. జనం ఒప్పుకోరని లెక్కలు కట్టేవాళ్ళు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

డేవిడ్స్ తర్వాత ఓడిపోలేదు. 2020లో గెలిచింది. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ ఆవిడ నియోజకవర్గం గీతలు మార్చి, డెమోక్రాట్లకి బలమున్న కాన్సాస్ సిటీ ఉత్తర భాగాన్ని కోసి పక్కకి తీసింది, దక్షిణాన పల్లె కౌంటీలని తెచ్చి కలిపింది. 2022లో ఆ కొత్త గీతల మీద కూడా గెలిచింది. 2024లో ఆవిడ మీద రిపబ్లికన్ల తరఫున నిలబడింది ప్రశాంత్ రెడ్డి. ఇండియాలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన క్యాన్సర్ డాక్టరు, ఎయిర్‌ఫోర్స్ రిజర్వులో పనిచేసిన మనిషి.

ఆ అక్టోబరులో మా తెలుగువాళ్ళ దసరా భోజనాల్లో జరిగిన చర్చ నేను మర్చిపోలేను. "మన రెడ్డిగారు నిలబడ్డారు, మనం వెయ్యకపోతే ఎవరు వేస్తారు?" అని ఒక వర్గం. "పేరు చూసి వేస్తామా, అబార్షన్ మీద ఆయన మాటేంటో చూడాలి కదా" అని ఆడవాళ్ళలో కొందరు. మధ్యలో మా బాబాయి వరస ఆయన ఒకాయన నిదానంగా, "ఆవిడ మంచిదే గానీ, ఇలాంటివాళ్ళని ఈ దేశం ఎన్నాళ్ళని భరిస్తుంది?" అన్నాడు. అప్పటికి ఈ దేశం, అందులోనూ కాన్సాస్, ఆవిడని వరసగా మూడుసార్లు గెలిపించింది! ఆయనకింకా సిటిజన్‌షిప్ రాలేదు, ఓటు లేదు. ఓటున్న పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో మాత్రం ఆయనకి ఖాయంగా తెలుసు. నవంబరులో డేవిడ్స్ 10 శాతం పైగా తేడాతో గెలిచింది. ఇదే నియోజకవర్గంలో ఆవిడ పార్టీ అధ్యక్ష అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం అంతకంటే బాగా తక్కువ.

ఇక్కడ మొదటి చిల్లు. జాన్సన్ కౌంటీ అసలు కాన్సాస్ కాదు అంటారు చాలామంది. చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, మంచి స్కూళ్ళు. ట్రంప్ వచ్చాక ఇలాంటి సబర్బ్‌లన్నీ డెమోక్రాట్ల వైపు జరిగాయి. ఇందులో నిజం చాలా ఉంది. డేవిడ్స్ పడమటి కాన్సాస్ గోధుమ పొలాల్లో నిలబడి ఉంటే గెలిచేది కాదు. కానీ అక్కడ ఏ డెమోక్రాటూ గెలవడు. ఇంకొకటి, 2020కి ముందు జాన్సన్ కౌంటీ ఒక డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థికి ఓటేసింది 1916లో. వందేళ్ళపాటు కన్సర్వేటివ్‌గా ఉన్న చోటుని, మారుతున్న మాట నిజమే గానీ, ఇది కన్సర్వేటివ్ ప్రాంతమే కాదని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. 2018లో డెమోక్రాట్ల ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందస్తు ఎన్నికలోనే, ఆవిడతో కలిపి ఆరుగురు పోటీ చేశారు. ఆ నవంబరులోనే ఇదే కౌంటీ నుంచి బ్రాండన్ వుడార్డ్, సూసన్ రూయిజ్ అనే ఇద్దరు గే అభ్యర్థులు రాష్ట్ర శాసనసభకి కూడా వెళ్ళారు. కాన్సాస్ చరిత్రలో అదే మొదటిసారి.

విస్కాన్సిన్ పాడి రైతులు

కాన్సాస్ ఉదాహరణ చాలదనుకునేవాళ్ళని విస్కాన్సిన్ వైపు చూడమంటాను. హారిస్ లెక్కకి నేరుగా జవాబు చెప్పేది ఆ రాష్ట్రమే.

టామీ బాల్డ్విన్ లెస్బియన్. 1998లో మాడిసన్ నుంచి కాంగ్రెస్‌కి పోటీ చేసినప్పుడే ఆ సంగతి అందరికీ తెలుసు. మాడిసన్ అంటే యూనివర్సిటీ ఊరు, అక్కడ గెలవడంలో పెద్ద విశేషం లేదని అప్పుడు అన్నారు. 2012లో సెనేట్‌కి నిలబడితే, రాష్ట్రమంతా తిరగాలి, పల్లెల్లో ఒప్పుకోరన్నారు. 2006లో 59 శాతం మంది స్వలింగ వివాహాలకి వ్యతిరేకంగా ఓటేసిన రాష్ట్రమది. ఎదురుగా ఉన్నది టామీ థాంప్సన్, నాలుగుసార్లు గవర్నరుగా గెలిచిన మనిషి. బాల్డ్విన్ నెగ్గింది. 2018లో 10 శాతం పైగా తేడాతో మళ్ళీ నెగ్గింది.

2024 సంగతి వేరు. ఆ ఏడు గాలి ఎదురు తిరిగింది. ప్రత్యర్థి వర్గం ఆవిడ సహచరి చేసే ఉద్యోగాన్ని కూడా ప్రకటనల్లోకి లాగింది. హారిస్ ఆ రాష్ట్రంలో దాదాపు 29 వేల ఓట్లతో ఓడిపోయింది. అదే రోజు, అదే బ్యాలెట్ కాగితం మీద, బాల్డ్విన్ దాదాపు 29 వేల ఓట్లతో గెలిచింది. రిస్కు తీసుకోకూడదని పక్కన టిమ్ వాల్జ్‌ని పెట్టుకున్న హారిస్‌కి ఓటు వేయకుండా, కింద వరసలో లెస్బియన్ అయిన బాల్డ్విన్‌కి వేసినవాళ్ళు వేలల్లో ఉన్నారన్నమాట. బుటిజెజ్ ఉంటే హారిస్ గెలిచేదని నేను అనడం లేదు. ధరలు, వలసలు, బైడెన్ వయసు, అన్నీ ఉన్నాయి. కానీ జనం భరించలేరని ఏ సంగతినైతే అనుకున్నారో, దాన్ని జనం అంతగా పట్టించుకోలేదని విస్కాన్సిన్ కళ్ళకు కట్టినట్టు చూపించింది.

ఎందుకు పట్టించుకోలేదు? బాల్డ్విన్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది పాల గొడవ. బాదం రసానికి, సోయా రసానికి పాలు అని పేరు పెట్టి అమ్మకూడదు, పాలంటే ఆవు ఇచ్చేవే అని ఏళ్ళ తరబడి బిల్లు పెడుతూనే ఉంది. ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో కూర్చున్నవాళ్ళకి నవ్వులాటగా ఉండొచ్చు. రేటు పడిపోయి ఆవుల్ని అమ్ముకుంటున్న పాడి రైతుకి అది నవ్వులాట కాదు. 2024లో విస్కాన్సిన్ ఫార్మ్ బ్యూరో అనే రైతుల సంఘం ఆవిడకి మద్దతు ప్రకటించింది. రాష్ట్రస్థాయి ఎన్నికలో ఆ సంస్థ ఒక డెమోక్రాట్‌ని బలపరచడం 20 ఏళ్ళ పైచిలుకులో అదే మొదటిసారి. మన దగ్గర కూడా ఎమ్మెల్యే గురించి ఊళ్ళో మాట్లాడుకునేది ఇదేగా. కాలవ నీళ్ళు వదిలించాడా లేదా, ఆస్పత్రిలో బెడ్డు కోసం ఫోన్ చేస్తే ఎత్తాడా లేదా.

ఇంకా పాత సంగతి ఒకటుంది. అదే రాష్ట్రం పడమటి పల్లెల నుంచి స్టీవ్ గండర్సన్ అనే రిపబ్లికన్ కాంగ్రెస్‌లో ఉండేవాడు. 1994 మార్చిలో సొంత పార్టీ సభ్యుడే సభలో లేచి ఆయన గే అని బయటపెట్టాడు. ఇంటర్నెట్ ఇళ్ళల్లోకి రాని రోజులు, ఎయిడ్స్ భయం నిండుగా ఉన్న రోజులు. ఆ నవంబరులో ఆ పాడి రైతులే ఆయన్ని మళ్ళీ గెలిపించారు. అప్పటికే ఏళ్ళుగా వాళ్ళకి తెలిసిన మనిషి కాబట్టి. ఈ ఉదాహరణని నేను చాలా గట్టిదనుకుంటాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ భాగం పల్లెలే, డెమోక్రాట్ల గాలీ లేదు.

ఓడినవాళ్ళు

గెలిచినవాళ్ళ కథలే చెబితే అది వకాల్తా అవుతుంది. ఓడినవాళ్ళూ ఉన్నారు.

టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నుంచి దాదాపు ఎల్ పాసో దాకా మెక్సికో సరిహద్దు వెంట సాగే పెద్ద నియోజకవర్గం ఒకటుంది. 2018లో అక్కడ జీనా ఓర్టిజ్ జోన్స్ 926 ఓట్లతో ఓడిపోయింది. ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన లెస్బియన్ మహిళ. 2020లో సీటు ఖాళీ అయినా మళ్ళీ ఓడింది, ఈసారి ఇంకా ఎక్కువ తేడాతో. 926 ఓట్ల తేడాలో అసహ్యంతో వేసిన ఓట్లు ఎన్నో ఎవరు చెప్పగలరు? వెయ్యి మందైనా ఉండరా అంటే, ఉండే ఉంటారు. అమెరికా, బ్రిటన్, న్యూజిలాండ్‌లలో ఓటర్ల మీద చేసిన ఒక అధ్యయనంలో కూడా మూడు చోట్లా గే అభ్యర్థులకి కొన్ని ఓట్లు తగ్గుతాయని, ట్రాన్స్ అభ్యర్థులకి ఇంకా తగ్గుతాయని తేలింది. కాబట్టి నష్టమే లేదని వాదిస్తే అది అబద్ధం. అయితే అలా తగ్గడానికి అధ్యయనం చెప్పిన కారణాల్లో ఒకటి, ఈ అభ్యర్థి ఎలాగూ గెలవడన్న అనుమానం. అంటే మన పాత మాటే తిరిగి వచ్చి ఓట్లు తింటోంది.

కెంటకీలో జిమ్ గ్రే కథ నాకు ఇంకో రకంగా ఆసక్తి. తాను గే అని చెప్పుకున్న తర్వాత లెక్సింగ్టన్ మేయరుగా గెలిచాడు. 2016లో సెనేట్‌కి రిపబ్లికన్ రాండ్ పాల్ మీద నిలబడి 14 శాతం పైన తేడాతో ఓడిపోయాడు. చూశారా, కెంటకీ ఒప్పుకోలేదు అనేయొచ్చు. కానీ అదే రోజు అదే రాష్ట్రంలో హిల్లరీ క్లింటన్ దాదాపు 30 శాతం తేడాతో ఓడిపోయింది. గే అభ్యర్థి తన పార్టీ అధ్యక్ష అభ్యర్థి కంటే ఎంతో మెరుగ్గా తెచ్చుకున్నాడు. ఆయన్ని ఓడించింది పార్టీ గుర్తు.

2020లో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చే ఓటింగ్ జరిగిన రాత్రి అయోవా పల్లెలో తీసిన ఒక వీడియో చాలామంది చూసే ఉంటారు. బుటిజెజ్‌కి మద్దతుగా కార్డు రాసిచ్చిన ఒక పెద్దావిడకి ఆయన గే అని అప్పుడే తెలిసింది. నా కార్డు నాకు వెనక్కిచ్చేయండి అంది. ఎదుటి మనిషి ఓపిగ్గా నచ్చజెప్పినా వినలేదు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. జనం ఒప్పుకోరనేవాళ్ళు ఇప్పటికీ ఆ వీడియోనే చూపిస్తారు. అదే రాత్రి అదే అయోవాలో పల్లె కౌంటీల్లో బుటిజెజ్ బాగా చేశాడు. మొత్తం ఓట్లలో ఆయనతో పోటీపడ్డ బెర్నీ శాండర్స్ ముందున్నా, డెలిగేట్ల (పార్టీ ప్రతినిధుల) లెక్కలో వెంట్రుకవాసి తేడాతో బుటిజెజ్ పైకొచ్చాడు. ఆ సంగతికి వీడియో లేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

ఇందాకటి నుంచి నన్ను నిజంగా ఇబ్బంది పెడుతున్న ప్రశ్న ఇంకోటుంది. గెలిచినవాళ్ళంతా రెండింతలు కష్టపడిన అసాధ్యులేమో? కార్నెల్ లా డిగ్రీ, వైట్‌హౌస్ ఫెలోషిప్, సైన్యంలో సేవ. సాదాసీదా మగ అభ్యర్థికి ఇవేవీ అక్కర్లేదు, తండ్రి పేరుంటే చాలు. మామూలు మనిషైన గే అభ్యర్థి కన్సర్వేటివ్ ఊళ్ళో గెలవగలడా అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు, ఎందుకంటే మామూలువాళ్ళకి టికెట్ వచ్చిన ఉదాహరణలే తక్కువ. గెలిచాక వీళ్ళు పెట్టుకునే జాగ్రత్త కూడా నాకు కష్టంగానే ఉంటుంది. 2018లో డేవిడ్స్ తొలి ప్రకటనలో బాక్సింగ్ బ్యాగుని గుద్దుతూ గే అన్న మాట సూటిగా పలికింది. ఇప్పుడు ఆవిడ మాటల్లో రోడ్లు, చిన్న వ్యాపారాలు, మందుల ధరలే ఎక్కువ వినిపిస్తాయి. గెలవడానికి కొంత మౌనం చెల్లించాలా అంటే, మా ఊళ్ళో అయితే అవుననే అనుకుంటున్నాను. ఆ ధర సరైనదని మాత్రం అనలేను.

గుమ్మం దగ్గర

అడ్డంకి ఓటర్ల దగ్గర తక్కువ, గుమ్మం దగ్గర ఎక్కువ అన్నాను. గుమ్మం అంటే ప్రైమరీ, పార్టీ పెద్దలు, చందాలిచ్చేవాళ్ళు. నేను పైన చెప్పిన విజేతల్లో గండర్సన్ తప్ప అందరూ డెమోక్రాట్లే. గండర్సన్ కూడా సీట్లో కూర్చున్న తర్వాత బయటపడినవాడే. కన్సర్వేటివ్ ప్రాంతంలో అసలు గెలిచే పార్టీ రిపబ్లికన్. ఆ పార్టీ ప్రైమరీలో కొత్తగా, దాచుకోకుండా నిలబడిన గే మనిషి దాటాల్సిన గోడ ఎత్తు చాలా ఎక్కువ. ప్రైమరీలో ఓటేసేది కొద్దిమంది, వాళ్ళలో గట్టి పట్టుదల ఉన్నవాళ్ళే ఎక్కువ. అంటే నవంబరులో ఓటేసే జనాన్ని ఎవరూ అడగకుండానే తీర్పు వచ్చేస్తుంది. కాన్సాస్‌లోనే 2022 ఆగస్టులో అబార్షన్ హక్కు తీసేయాలా అని నేరుగా జనాన్ని అడిగితే 59 శాతం మంది వద్దన్నారు. ఆ రాష్ట్రంలో అలా అంటారని ముందురోజు దాకా ఎంతమంది నమ్మారు? నేరుగా అడిగితే జనం ఇచ్చే జవాబు వేరు, జనం తరఫున పెద్దలు ఇచ్చే జవాబు వేరు.

ఇది పెద్ద ఎన్నికల్లోనే జరుగుతుందనుకోనక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు సంఘం కమిటీకి పేర్లు ఖరారు చేస్తున్నప్పుడు నేనూ ఆ గదిలో ఉన్నాను. ట్రెజరర్ పదవికి ఒక కుర్రాడి పేరు వచ్చింది. ఉగాది కార్యక్రమాల లెక్కలన్నీ పైసాతో సహా చూసింది అతనే. అతను తన స్నేహితుడితో కలిసి ఉంటున్నాడని అందరికీ తెలుసు, అతనూ దాచలేదు. గదిలో ఎవరూ చెడ్డమాట అనలేదు. ఒకరి తర్వాత ఒకరు అదే మాట: "మాకేం లేదు, పెద్దవాళ్ళు ఒప్పుకోరు." నేనూ, ఇంకొకాయనా గట్టిగానే అడ్డం తిరిగాం. పేరు పోయింది. తర్వాత నేను ఊరుకోలేక, ఆ పెద్దవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి అడిగాను. ఒక మామ్మగారు, "నన్నెవరడిగారమ్మా? ఆ పిల్లాడేగా నాకు ఐప్యాడ్ నేర్పింది" అంది. ఒక తాతగారు మాత్రం, అవును, నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదని ముఖం మీదే చెప్పాడు. ఆయన మాట నాకు నచ్చలేదు, కానీ అది ఆయన సొంత మాట. ఆ తాతగారితో నేను వాదించగలను. లేని తాతగార్ల పేరు చెప్పి తలుపేసేవాళ్ళతో ఎలా వాదించను?

మన రాష్ట్రాల్లో

మనదగ్గర ప్రైమరీలు లేవు, టికెట్లున్నాయి. గెలుపు గుర్రాలకే టికెట్ అనే మాట ప్రతి ఎన్నికలకీ వింటాం. ఏది గెలుపు గుర్రమో తేల్చేది కులం లెక్క, డబ్బు లెక్క, నాయకుడి మనసు. గే అభ్యర్థుల విషయంలో మన దగ్గర చూపించడానికి ఎన్నికల అనుభవమే కరువు. దగ్గరగా ఉన్నది ట్రాన్స్ అభ్యర్థుల అనుభవం. రెండూ ఒకటి కావు, వాళ్ళ కష్టాలు వేరు, సమాజంలో వాళ్ళకున్న చోటూ వేరు. అయినా గుమ్మం మాత్రం ఒకటే.

2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో మధుబాయి కిన్నర్ ఇండిపెండెంట్‌గా నిలబడి, బీజేపీ అభ్యర్థి మీద 4,537 ఓట్లతో గెలిచి మేయరయింది. ఆ ఊరు ఏ శాన్ ఫ్రాన్సిస్కోనో కాదు. ఏ పెద్ద పార్టీ టికెటూ లేకుండా, రైళ్ళల్లో పాటలు పాడి బతికిన ఒక దళిత ట్రాన్స్ మహిళని జనం గెలిపించారు. 2018లో హైదరాబాద్ గోషామహల్‌లో చంద్రముఖి బహుజన్ లెఫ్ట్ ఫ్రంట్ తరఫున నిలబడింది. ప్రచారం మధ్యలో కనబడకుండా పోయి, కేసు హైకోర్టు దాకా వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చింది. ఓట్లు చాలా కొద్దిగా వచ్చాయి. రాయగఢ్‌ని మాత్రమే చెప్పి గోషామహల్‌ని దాస్తే అది నిజాయితీ కాదు. పెద్ద పార్టీల మధ్య హోరాహోరీ ఉన్న చోట చిన్న ఫ్రంట్ అభ్యర్థి ఎవరైనా అలాగే కొట్టుకుపోతారని కూడా చెప్పాలి.

పెద్ద పార్టీలు ఈమధ్య ఒక దారి కనిపెట్టాయి. పదవులు ఇస్తాయి. తెలుగు కుటుంబంలో పుట్టిన ట్రాన్స్ మహిళ అప్సరా రెడ్డిని 2019లో కాంగ్రెస్ మహిళా విభాగానికి జాతీయ ప్రధాన కార్యదర్శిని చేశారు. 2024లో శరద్ పవార్ పార్టీ, గే అని బాహాటంగా చెప్పుకున్న అనీశ్ గవాండేని జాతీయ అధికార ప్రతినిధిగా పెట్టుకుంది. రెండూ మంచి పనులే, నేను సంతోషించాను. కానీ టీవీలో పార్టీ తరఫున మాట్లాడటానికి పనికొచ్చిన మనిషి, ఊళ్ళో పార్టీ తరఫున ఓటడగడానికి ఎందుకు పనికిరాడు? అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు.

ఎమ్మెల్యే టికెట్ ఇమ్మని నేను అడగడం లేదు. కోట్లు ఖర్చయ్యే ఆటలో ఎవరూ ప్రయోగాలు చెయ్యరు. గండర్సన్ ఎందుకు బతికిపోయాడు? జనానికి ముందే తెలిసిన మనిషి కాబట్టి. మనకి అంత తెలిసిన మనుషులు ఉండేది మునిసిపల్ వార్డుల్లో. వరంగల్‌లోనో, కాకినాడలోనో, కర్నూలులోనో ఒక వార్డు అంటే కొన్ని వేల ఓట్లు. రేషన్ కార్డు కోసం, డ్రైనేజీ కోసం, సర్టిఫికెట్ కోసం ఎవరి దగ్గరికి పరిగెత్తాలో ఆ వీధులకి తెలుసు. అలా పరిగెత్తిపెట్టే కుర్రాళ్ళలో, అమ్మాయిల్లో గే, లెస్బియన్ పిల్లలు ఇప్పటికే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు నాకు స్వయంగా తెలుసు. వాళ్ళలో ఒకమ్మాయి కిందటిసారి ఒక పార్టీ ఆఫీసుకి వెళ్ళి కార్పొరేటర్ టికెట్ అడిగింది. కాఫీ ఇచ్చారు, బాగా మాట్లాడారు, నీలాంటివాళ్ళు రాజకీయాల్లోకి రావాలమ్మా అన్నారు. తర్వాత ఫోన్లు ఎత్తలేదు. ఈసారి ఆ అమ్మాయి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేస్తానంటోంది. డిపాజిట్ డబ్బులు నేను పంపుతానన్నాను. వార్డు ఓటర్ల జాబితా సంపాదించి, ఇంటింటికీ తిరగడానికి మనుషుల్ని వెతుక్కుంటోంది.